గుట్ట మీద గాడి, చెరువులో ఒండ్రు

సుబేదారిలో పొద్దున్నే సైకిల్ తీస్తే ఎండ ముదరకముందే ధర్మసాగర్ దాటి ఇనుపరాతి గట్టు అంచుకు చేరుకోవచ్చు. హనుమకొండ జిల్లాలో అడవి అని చెప్పుకోదగ్గది ఇంచుమించు అదొక్కటే మిగిలింది. లావు టైర్లు, ముందు ఫోర్కుకు స్ప్రింగులు, వరసగా గేర్లు ఉన్న మౌంటెన్ బైకులు కొన్నవాళ్లకు వడ్డేపల్లి కట్ట మీద చక్కర్లు సరిపోవు కాబట్టి వాళ్ల చూపు అటే పోతోంది. రాయీ రప్పా, ఎగుడూ దిగుడూ ఉంటేనే ఆ బండికి పని. గుట్టల్లో సైకిల్ బాటలు వేస్తే పిల్లలకు ఆరోగ్యం, ఊళ్లకు నాలుగు డబ్బులు అనేవాళ్లు ఒక పక్క. అడవిలోకి చక్రం పోతే అడవి పోయినట్టే అనేవాళ్లు ఇంకో పక్క. రెండు పక్షాల మాటల్లోనూ వాన ప్రస్తావన రాదు. ముందు తేల్చుకోవాల్సింది దాని సంగతేనని నా వాదన.

మన ఊరు తాగేది చెరువు నీళ్లు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి, ఈ మూడే వరంగల్ త్రినగరికి ఆధారం. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ధర్మసాగర్‌కు చేరాక కరువు భయం తగ్గింది గానీ, నీటితోపాటు చెరువులోకి ఇంకేమేం చేరుతున్నాయన్న బెంగ తగ్గలేదు. 2024 నవంబరులో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు కట్ట మీద నిలబడ్డవాళ్లకు ఆ సంగతి కళ్లకు కట్టింది. అదంతా గుట్టల మట్టి అనను. నగరం వదిలిన మురుగు వాటా అందులో తక్కువేమీ కాదు. అయితే 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఊరూరా చెరువుల్లోంచి ట్రాక్టర్లకెత్తి పొలాలకు తోలిన ఒండ్రు ఎక్కడిది? పైనున్న చెలకలదీ, గుట్టలదీ. కాకతీయులు చెరువుకు చోటు ఎంచుకున్న తీరే అలాంటిది. గుట్టల మధ్య సందు చూసి కట్ట పోశారు. 13వ శతాబ్దంలో గణపతిదేవుడి పాలనలో కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులకు ఎగువన ఉన్నది అడవి గుట్టలే. ఆ అడవి మట్టిని పట్టి ఉంచింది గనకే ఎనిమిది వందల ఏళ్ల తరవాత కూడా వాటిలో నీళ్లు నిలుస్తున్నాయి. గుట్ట మీద బాట తీయడమంటే చెరువు ఎగువన చెయ్యి పెట్టడమే.

గాడి ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూడాలి. మన గుట్టల మీద చాలాచోట్ల మట్టి మందం తక్కువ. పైన జానెడు మొరం, దాని కింద బండ. ఎండాకాలం చివరికి ఆ మొరం పొడిబారి, అడుగు వేస్తే జారేలా వదులైపోతుంది. నిట్టనిలువు బాటలో దిగే సైకిల్‌వాడు మలుపు దగ్గర వెనక బ్రేకు గట్టిగా పట్టగానే చక్రం తిరగడం ఆగి, ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు గులకరాళ్లను పక్కలకు నెట్టి, మూడు వేళ్ల వెడల్పున నున్నటి గీత మిగులుస్తుంది. వెనకొచ్చే బండ్లు అదే గీతలో దిగుతాయి. జూన్‌లో తొలి జల్లు పడితే పక్కన గడ్డిలో పడ్డ నీళ్లు అక్కడే ఇంకుతాయి. గీతలో పడ్డవి మాత్రం కిందికి పరుగు పెడతాయి. పోతూ పోతూ మొరాన్ని తీసుకుపోతాయి, గీతను లోతు చేస్తాయి. లోతైన కొద్దీ చుట్టుపక్కల నీళ్లు కూడా అందులోకే దిగుతాయి. ఒక్క వానాకాలంలో గీత గాడి అవుతుంది. పట్టించుకోకపోతే మరి రెండు మూడేళ్లకు అది మోకాలి లోతు ఒర్రె. గాడిలో చక్రం దిగబడుతోందని తొక్కేవాళ్లు పక్కనుంచి కొత్త దారి తీస్తారు. బాట వెడల్పవుతుంది, పొదలు పోతాయి. కొట్టుకుపోయిన మొరం కింద ఏ కుంటలోనో తేలుతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. తప్పు చోట వేసిన బాట మీద మంచివాళ్లు తొక్కినా ఇదే జరుగుతుంది.

మరి నడిచేవాళ్ల కాళ్లు ఏమీ చేయవా? చేస్తాయి. అమెరికాలోని మోంటానా కొండబాటల మీద విల్సన్, సీనీ అనే పరిశోధకులు మనుషుల్ని, గుర్రాల్ని, మోటారుసైకిళ్లను, సైకిళ్లను నడిపించి, పైనుంచి కృత్రిమంగా వాన కురిపించి, కొట్టుకుపోయిన మట్టిని కొలిచారు. 1994లో వెలువడిన ఆ ఫలితాల్లో మట్టిని అన్నిటికన్నా ఎక్కువగా వదులు చేసినవి గుర్రపు డెక్కలు. తడి బాట మీద కాళ్లు చేసిన నష్టం చక్రాల కన్నా ఎక్కువే. కెనడాలోని ఒంటారియో అడవిలో థర్స్టన్, రీడర్ అనే మరో ఇద్దరు ఒకే చోట 500 సార్ల దాకా నడిపించి, తొక్కించి చూసి, మొక్కలకూ మట్టికీ జరిగిన నష్టంలో నడకకూ సైకిల్‌కూ మధ్య పెద్ద తేడా లేదని 2001లో తేల్చారు. సైకిల్ సంఘాలు ఎక్కడికెళ్లినా ఈ రెండు అధ్యయనాలను చేత్తో పట్టుకుని వెళ్తాయి. అందులో తప్పు లేదు గానీ, గంటలో నడిచేవాడు నాలుగైదు కిలోమీటర్లు తిరిగితే తొక్కేవాడు అంతకు రెండు మూడింతలు తిరుగుతాడన్నది వాళ్లు చెప్పరు. ఒక్కో అడుగుకూ ఒక్కో చక్రపు చుట్టుకూ నష్టం సమానమే అనుకున్నా, రోజు మొత్తం మీద లెక్క సమానం కాదు.

ఏదేమైనా రెండు అధ్యయనాల నుంచీ తీసుకోవాల్సిన మాట ఒకటే. బాట మీద ఎవరు పోతున్నారన్నదానికన్నా అది గుట్టను ఏ వాలున కోస్తోంది, దాని మీద తడి ఆరకముందే పోతున్నారా అన్నవి ముఖ్యం. కొండబాటలు వేసేవాళ్ల దగ్గర దీనికో మోటు లెక్క ఉంది. గుట్ట వాలులో సగానికి మించి బాట వాలు ఉండకూడదు. గుట్ట నూటికి 30 వాలితే బాట 15 లోపు ఉండాలి. బాట మొత్తం మీద సగటు 10 దాటకూడదు. బాట ఒళ్లు లోయ వైపుకు కొంచెం ఒరిగి ఉంటే నీళ్లు దాని వెంట పారకుండా అడ్డంగా దాటిపోతాయి. మధ్యమధ్యలో బాట కాస్త దిగి మళ్లీ ఎక్కాలి. ఆ పల్లంలో నీళ్లు పక్కకు జారిపోతాయి. 1988లో పుట్టిన అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం ప్రపంచమంతా ప్రచారం చేసిన సూత్రాలివి.

మన దగ్గర వాటర్‌షెడ్ పనులు చేసినవాళ్లకు ఇందులో కొత్త ఏముంది? కరీంనగర్ జిల్లాలో పుట్టిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడ్డ కమిటీ 1994లో ఇచ్చిన సిఫార్సుల మీదే దేశంలో వాటర్‌షెడ్ మార్గదర్శకాలు తయారై, 1995 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. పరుగెత్తే నీళ్లను నడిపించాలి, నడిచే నీళ్లను నిలబెట్టాలి, పని గుట్ట నెత్తి మీద మొదలుపెట్టి కిందికి దిగాలి అన్నవి ఆ పథకాల శిక్షణల్లో పల్లెపల్లెనా వల్లెవేయించిన పాఠాలు. వాలుకు అడ్డంగా కందకం ఎక్కడ పడాలో ఉపాధి హామీ పనుల్లో చేయి తిరిగిన కూలీలకు తెలుసు. సైకిల్ బాట గీయడానికి ఏ బెంగళూరు నుంచో కన్సల్టెంటును పిలిపించే ముందు, ఆ కందకాలు తవ్వించిన మేటును గుట్ట మీదికి తీసుకెళ్లి అడిగితే సగం పని అయిపోతుంది. మిగతా సగం మేకల కాపరి చెబుతాడు. మేక నిట్టనిలువునా ఎక్కుతుంది గానీ, రోజూ ఎక్కి దిగే మనిషి గుట్ట నడుము పట్టుకునే పోతాడు. ఏళ్ల తరబడి గాడి పడకుండా నిలిచిన బాటలు ఆ గుట్టల్లోనే ఉంటాయి. వాటిని చూసి కొలుచుకోవాలి.

ఈ సైకిల్ పుట్టిన చోటే ఈ తగవూ పుట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మెరిన్ కౌంటీలో టామల్పైస్ అనే కొండ ఉంది. 1976 అక్టోబరు 21న ఆ చుట్టుపక్కల గుట్టల్లో ఒక మట్టిరోడ్డు మీద కొందరు కుర్రాళ్లు పాత లావుటైరు సైకిళ్లతో పందెం వేసుకున్నారు. మూడు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో దాదాపు 400 మీటర్ల దిగుడు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. కిందికి చేరేసరికి హబ్ కాలిపోయి లోపలి గ్రీజు పొగై లేచిపోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ బండి కదలదు. అందుకే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు పడింది. ఆ గుంపులో తిరిగిన జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీలే తరవాత మౌంటెన్ బైక్ పరిశ్రమకు ఆద్యులయ్యారు. 1996 అట్లాంటా నాటికి వాళ్ల సరదా ఒలింపిక్ క్రీడ అయింది.

అదే కొండ మెరిన్ జనానికి మంచినీళ్లిచ్చే కొండ. 1912లో ఏర్పడ్డ నీటి సంస్థకు దాని మీద అయిదు జలాశయాలున్నాయి. సైకిళ్లు ఎక్కువయ్యాక వాటిని ఇరుకు కాలిబాటల్లోకి రానీయకుండా వెడల్పాటి మట్టిరోడ్లకు పరిమితం చేశారు. వేగానికి హద్దు గంటకు సుమారు 24 కిలోమీటర్లు, ఎదుటి మనిషి కనపడని మలుపుల్లో 8. నడిచేవాళ్లూ, గుర్రాలవాళ్లూ, సైకిళ్లవాళ్లూ ఆ నిబంధనల మీద దశాబ్దాలుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు. 2024లో కొన్ని కాలిబాటలను ప్రయోగంగా సైకిళ్లకు తెరవాలని సంస్థ బోర్డు నిర్ణయిస్తే పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. బే ఏరియాలో ఉద్యోగాలు చేసే మన ఓరుగల్లు పిల్లలు ఆ కొండల్లో తొక్కి, సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఇక్కడ అలాంటివి లేవా అని అడుగుతుంటారు. ఉన్నాయి నాయనా, తగవుతో సహా రాబోతున్నాయి.

మెరిన్ చరిత్రలో మనకు పనికొచ్చే సంగతి ఆ నిబంధనల మాటున పుట్టుకొచ్చిన దొంగబాటలు. వద్దన్న చోట తొక్కాలనుకున్నవాళ్లు రాత్రికి రాత్రి పొదలు నరికి దారులు తీశారు. దొంగబాటకు ఇంజనీరు ఉండడు. అది దగ్గరి దారి చూసుకుంటుంది. దగ్గరి దారంటే నీళ్లు దిగే దారే. అందువల్ల అడవిలోకి సైకిల్ రాకూడదంటూ ఒక బోర్డు పాతి చేతులు దులుపుకుంటే మట్టికి మేలు జరగదు. బీట్ ఆఫీసర్ ఒక్కడు అన్ని గుట్టలకూ కాపలా ఉండలేడు. నాలుగు మంచి బాటలు చూపించి, వాటి మీదే తొక్కమని చెప్పి, మిగతావి మూసేయడం నయం.

అయితే మెరిన్ పాఠం మొత్తంగా మనకు అతకదు. అక్కడ బాట పంచుకునేవాళ్లలో ఎక్కువమంది తీరిక వేళ సరదాకు వచ్చినవాళ్లు. మన అడవుల్లో ఎండాకాలం తునికాకు కోసం, వానలు వెనకబట్టాక సీతాఫలాల కోసం, ఏడాది పొడవునా మేకల వెంట, కట్టెల కోసం జనం తిరుగుతారు. వాళ్లకది పనికి పోయే దారి. మలుపు తిరిగేసరికి ఎదురుగా మంద వచ్చిందనుకోండి. ముందున్న మేకపోతు ఠక్కున ఆగుతుంది. వెనకవి దాన్ని తోసుకుంటాయి. పిల్లలు బెదిరి పొదల్లోకి దూకుతాయి. కాపరి కట్టె అడ్డం పెట్టి, “జర ఆగు బిడ్డా, పిల్లలున్నయ్, బెదురుతయ్” అంటాడు. సైకిల్ దిగి, పక్కకు జరిగి, మంద పోయేదాకా నిలబడితే రేపు ఆ మనిషే మంచి దారి చూపిస్తాడు. గంట కొట్టి దారి అడిగితే ఆ ఊరి పొలిమేరలోకి మళ్లీ సైకిల్ రానివ్వడు. చక్రం మీదున్నవాడు అందరికీ దారివ్వాలన్నది ప్రపంచమంతటా కొండబాటల నియమం. మన బోర్డుల మీద అందులో మేకల్ని కూడా చేర్చి రాయాలి.

ఇంకా సున్నితమైన సంగతి భూమిది. దేవునూరు పరిసరాల్లో ఇనుపరాతి గట్టు భూముల మీద 2025లో రైతులకూ అటవీ శాఖకూ మధ్య పెద్ద పంచాయితీయే నడిచింది. పట్టాలున్నాయని వాళ్లు, రిజర్వు అడవి అని వీళ్లు. హద్దు ఎక్కడో తేలకముందే హెల్మెట్లు పెట్టుకున్న పట్నం వాళ్ల కోసం బాట గీస్తే రైతుకు ఎలా కనిపిస్తుంది? మా పశువులు పోకుండా కందకం, మీ సైకిళ్లకు బాట అన్నట్టు కనిపిస్తుంది. ఆ మాట ఒక్కసారి ఊళ్లో పుట్టిందంటే ఏ సైకిల్ క్లబ్బూ దాన్ని తుడిచేయలేదు. అందుకే హద్దుల లెక్క ముందు, బాట లెక్క తరవాత.

వేగం గురించి కూడా చెప్పుకోవాలి. నడిచే మనిషి అలికిడి జంతువుకు ముందే తెలుస్తుంది. సైకిల్ చప్పుడు చేయకుండా వేగంగా మీద పడుతుంది. 2016 జూన్‌లో అమెరికాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు దగ్గర ఒక సైక్లిస్టు మలుపులో నేరుగా ఎలుగుబంటిని ఢీకొట్టి, దాని చేతిలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మన గుడ్డెలుగు కూడా ఉలిక్కిపడ్డప్పుడే మనిషి మీదికి వస్తుంది. వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. కనుక పొద్దు పొడిచాక, పొద్దు గూకకముందు అన్న వేళలు పెట్టాల్సిందే. నెత్తికి లైట్లు కట్టుకుని రాత్రిపూట తొక్కే మోజు మన గుట్టలకు వద్దు.

పాకాల, ఏటూరునాగారం సంగతి వేరు. అవి అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే లోపలికి పోకూడదు. ఈ మధ్య పులి జాడలు కనపడుతున్న అడవులవి. వాటిలో సైకిల్ బాటల ఆలోచన చేయకపోవడమే మంచిది. చెరువు కట్ట మీదా, ఉన్న రోడ్ల మీదా తొక్కుకుంటే చాలు. ఆదిమానవుల రాతి చిత్రాలున్న రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు, జైన శిల్పాలున్న మన పద్మాక్షి గుట్ట కూడా చక్రాలకు దూరంగా ఉండాల్సినవే. వెరసి సైకిల్‌కు మిగిలే గుట్టలు కొన్నే.

సైకిల్ మీద ఇంత రాస్తున్నా, అడవికి అసలు ముప్పు దాని వెనక వచ్చేవాటితోనే. హైదరాబాద్ వాళ్ల అనుభవం చూడండి. వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో పుట్టే మూసీ నీళ్లే 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్‌కు వస్తాయి. ఆ చెరువు, హిమాయత్‌సాగర్ ఎగువ ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చారు. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. అదే వికారాబాద్ జిల్లాలో, ట్రెక్కింగ్‌కూ సైక్లింగ్‌కూ నగరం నుంచి జనం పోయే దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో కేంద్రానికి ఇచ్చి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరాన్ని కొట్టిపారేయలేం. కానీ టైరు గాడి గురించి తలలు పట్టుకునే దగ్గర వేల ఎకరాలు ఒక్క సంతకంతో చేతులు మారితే, నిబంధన ఎవరి కోసం అని జనం అడుగుతారు. పైగా 2023లో సవరించిన అటవీ సంరక్షణ చట్టం ఎకో టూరిజం సదుపాయాలను అటవీయేతర పని కింద లెక్కించనక్కర్లేదంది. సైకిల్ బాట పేరుతో మొదట కమాను వస్తుంది. తరవాత పార్కింగ్, దానికి తారు రోడ్డు, ఆ పక్కన కాటేజీలు, డీజే. ఒక్క తారు రోడ్డు మళ్లించే వాన నీళ్ల ముందు ఏడాది పొడవునా తొక్కిన సైకిళ్లు ఏపాటి? గుట్ట మీద సిమెంటు పడకూడదన్న షరతుకు ఒప్పుకున్నాకే బాట మాట ఎత్తాలి.

వాన దగ్గర మొదలుపెట్టాను కాబట్టి వాన లెక్కలు కూడా చెబుతాను. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అక్కడ ఏడాదికి పడే వానలో ఇంచుమించు సగం. అదే వరదకు మోరంచపల్లి మునిగింది, హనుమకొండలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి వచ్చింది. అలాంటి రోజు గుట్ట మీద ఏ బాటా నిలవదు. నిలిచేలా వేయడం కాదు, పోయినా తక్కువ మట్టితో పోయేలా వేయడమే చేయగలిగింది. అందుకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా బాటలు మూసేయడం మొదటి షరతు. పచ్చగా ఉన్నప్పుడే తొక్కాలనిపిస్తుందని సైకిల్‌వాళ్లు అంటారు. నిజమే, అప్పుడే గుట్ట అందంగా ఉంటుంది, అప్పుడే మట్టి మెత్తగా ఉంటుంది. దసరా దాటాక తొక్కండి.

ఇక మిగిలింది ఖర్చు. కొత్త బాట వేయడానికి నిధులు దొరుకుతాయి. ప్రారంభోత్సవానికి జిల్లా అధికారులూ, నాయకులూ వస్తారు. తొలి వానలు పడ్డాక పారా పట్టుకుని బాట వెంట నడిచి, నీళ్లు ఎక్కడ ఆగాయో, ఎక్కడ గీత పడిందో చూసి, రాయి అడ్డం పెట్టి మళ్లించే మనిషికి మాత్రం పద్దు ఉండదు. ఆ పని వన సంరక్షణ సమితికి అప్పగించి, టికెట్ డబ్బు నేరుగా దాని ఖాతాలో పడేలా చేస్తే గుట్ట కింది ఊళ్లో నలుగురికి ఏడాది పొడవునా పని దొరుకుతుంది. కలెక్టరేట్ సుబేదారిలోనే ఉంది, కాగితాలు ఎక్కువ దూరం తిరగక్కర్లేదు. ముందు ఉన్న బాటలకు మ్యాపు గీసి, ఊళ్లలో గ్రామసభ పెట్టి, ఏవి మేకలకు, ఏవి నడకకు, ఏవి సైకిల్‌కు అన్నది తేల్చుకోవాలి. ఒక వానాకాలం మొత్తం వాటి మీద నీళ్లు ఎటు పోతున్నాయో చూశాకే, ఆ తరవాతి దసరాకు, ఒకటో రెండో బాటలు తెరవాలి. సైకిల్ క్లబ్బులవాళ్లు ఆ వానాకాలం గొడుగులు పట్టుకుని గుట్ట ఎక్కి, ఆ లెక్క రాసే పనిలో చేరొచ్చు.